జర ఆట, గుద్దుడు ఆట

"పిల్లను ఆగం చేసినవే సరోజా," అంటూ వచ్చింది ప్రమీల. ఇంకా చెప్పులైనా విప్పలేదు. మోకాలికి కట్టిన పట్టీ సవరించుకుంటూ మా ముందుగదిలో కూలబడి, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాక మళ్లీ అదే మాట. "మంచి చెయ్యి, మంచి కాళ్లు. కని గుద్దదు. అచ్చం నీ తీరుగ తయారు చేసినవ్." మహబూబ్‌నగర్ ప్రమీల నీకేమవుతుందని ఎవరైనా అడిగితే నేను తడుముకుంటాను. స్నేహితురాలు అందామంటే ఆమె ఒప్పుకోదు, శత్రువు అందామంటే నేను ఒప్పుకోను. పావడాల వయసు నుంచి వలకు అటు ఆమె, ఇటు నేను. ఆ వల ఇప్పటికీ విప్పలేదు. ఇప్పుడు దాని మీదుగా బంతులకు బదులు టీ కప్పులు దాటుతున్నాయి, అంతే తేడా.

ఆమె వ్యాయామ ఉపాధ్యాయురాలిగా రిటైరైంది. రాష్ట్రం వచ్చాక జిల్లాలు ముక్కలై, ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో నాలాంటివాళ్లు ఇంకా గుర్తుపెట్టుకునే లోపే, మా దిక్కు జిల్లాలన్నీ తిరిగి హైదరాబాద్‌లోని క్రీడా హాస్టల్‌కు టెన్నిస్ ఆడే ఆడపిల్లలను ఎంపిక చేసే పని ఆమెకు అప్పగించారు. ఆ పొద్దున నల్లగొండ స్టేడియంలో పిల్లలను చూసింది. వాళ్లలో స్వప్న ఒకతి. స్టేడియం ముందు ఇడ్లీ బండి పెట్టే లక్ష్మమ్మ కూతురు. తెల్లవారి నడకకు బదులు నేను రాకెట్టు పట్టుకుని పోతుంటాను కదా, ఆ పిల్లే నాకు అటువైపు మనిషి. నేను నేర్పిన ఆటే అది ఆడుతుంది. హాస్టల్‌లో సీటొస్తే చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. రాకపోతే దాని ఆట మా స్టేడియం గోడ దాటదు. ఆ సంగతి ప్రమీలకు తెలుసు, నాకు తెలుసు, అందరికంటే ఎక్కువగా స్వప్నకు తెలుసు.

"సాయంత్రం ఇంకోపారి చూస్త," అంది ప్రమీల. "నువ్వే చెప్పు దానికి, జర గట్టిగ కొట్టుమని. కొడితే తీస్కపోత. లేకుంటే లేదు."

ఆమె నోట "జర" అన్న మాట వినగానే నవ్వు ఆగలేదు. ఆ మాటను అంత గట్టిగా పలకగలిగేది భూమ్మీద ప్రమీల ఒక్కతే. ఎందుకో చెప్పాలంటే మా బాపు దగ్గరికి, ఆయన రెండు కోర్టుల దగ్గరికి పోవాలి.

బాపు మునసబు కోర్టులో గుమాస్తా. పొద్దంతా ఆ కోర్టు, పొద్దు వాలితే ఈ కోర్టు. క్లబ్బులో ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు ఉండేది, ఎర్ర మొరం పరిచి రోలరు తిప్పినది. మధ్యాహ్నం ఎండ మీద నీళ్లు చల్లితే ఆ మొరం నుంచి లేచే వాసన బడి నుంచి వచ్చే దారిలోనే మాకు తగిలేది. ఆ వాసన తగిలిందంటే బాపు ఇంటికొచ్చే వేళయిందని లెక్క. ఆయన వచ్చీరాగానే కాన్వాసు బూట్లకు చాక్‌పీసు రాసుకునేవాడు. ఒక కోర్టులో వాయిదాల మీద వాయిదాలు, మనుమలు ముసలివాళ్లయినా తేలని కేసులు. రెండో కోర్టులో చీకటి పడేలోగా తీర్పు. అందుకే ఆయనకు రెండోదంటే ప్రాణం. "ఈడ అప్పీలు లేదు బిడ్డా," అనేవాడు సంతోషంగా. సర్వీసు కూడా ఆయనకు రెండు చోట్లా ఉండేది. పింఛను వచ్చిన సర్వీసు కంటే వల దాటిన సర్వీసు గురించే ఎక్కువ చెప్పుకునేవాడు.

మా అవ్వకు ఈ వ్యవహారం ఎప్పటికీ అర్థం కాలేదు. నేను మొదటిసారి రాకెట్టు పట్టుకుని గడప దాటుతుంటే, "గా జల్లెడ పట్టుకొని యాడికి పోతాంది గీ పొల్ల?" అని అడిగింది. "కోర్టుకు," అన్నాడు బాపు. అవ్వ చేతిలోని చాట కింద పెట్టి లేచి నిలబడింది. "కోర్టుకా? ఏం జేసింది?" ఆ భయం పోగొట్టడానికి బాపుకు చాలా రోజులు పట్టింది. అయితే నా కట్టె రాకెట్టును మాత్రం అవ్వే కాపాడింది. వానాకాలం గాలికి దాని నరాల అల్లిక వదులైపోతుందని బాపు బాధపడుతుంటే విని, వడియాల మూటలు వేలాడదీసే పొయ్యి పైన కొక్కేనికి దాన్ని తగిలించింది. అందుకే నా రాకెట్టు ఎప్పుడూ పొగ వాసన వేసేది, ఒక్కోసారి పోపు వాసన కూడా. అవతలి మనిషి వలకు దగ్గరగా వస్తే ఆ పూట మా ఇంట్లో ఏం కూరో చెప్పేయవచ్చు. జొన్నరొట్టె, పచ్చిపులుసు అని తెలిసిపోతే ఇక ఆటలో రహస్యం ఏముంటుంది?

ఆట నేర్పింది బాపు, ఆయన స్నేహితుడు ఖదీర్ చాచా. చాచా దర్జీ. వకీళ్ల నల్లకోట్లన్నీ ఆయన దుకాణంలోనే కుట్టేవాడు. వాళ్ల మెడ పట్టీలకు తెచ్చిన తెల్లబట్టలో మిగిలిన ముక్కలు అతికి నాకొక ఆట గౌను కుట్టిపెట్టాడు. దాన్ని వేసుకుంటే నాలో సగం వకీలు ఉన్నట్టుండేది, బహుశా అందుకే ఇప్పటికీ వాదన మానలేను. ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే. బంతి రాగానే చేతిని వెనక్కి లాగి ఉరికించబోతే, "జర బేటీ, జర," అనేవాడు. జర పట్టు, జర వదులు, జర ఆగు. అలా ఆ మాటే ఆ దెబ్బకు పేరైపోయింది. బంతిని కోసినట్టు తాకి, వల అవతల అంచున చచ్చినట్టు పడేసేది "జర". అవతలివాళ్లు ముందుకు పరిగెత్తుకొస్తే వాళ్ల తలమీదుగా పైకి లేపి వెనక గీత దగ్గర దింపేది "పతంగి". మా కోర్టులో ఈ రెండు మాటలు లేకపోతే టెన్నిస్ లేదు. తరువాత జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో, ఉర్దూ జర అంటే కొంచెం, సంస్కృత జర అంటే ముసలితనం అని పిల్లలకు చెప్పినప్పుడల్లా ఆ కోర్టే గుర్తొచ్చేది. ఇప్పుడు నాకు రెండు జరలూ ఉన్నాయి. మొదటిది కష్టపడి నేర్చుకున్నాను, రెండోది ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ప్రమీల మాత్రం వేరే మట్టి. వాళ్ల నాయిన అడవి శాఖలో రేంజరు. మహబూబ్‌నగర్ క్లబ్బు తరఫున ఆడేది. రెండు ఊళ్ల క్లబ్బులకూ ఏటా పోటీ. మొదట్లో నేనే గెలిచేదాన్ని. గెలిచానని చెప్పుకోవడంలో గొప్పేమీ లేదు, ఆడేది మేమిద్దరమే. టెన్నిస్‌లో సున్నాను లవ్ అంటారని అప్పుడే తెలుసుకున్నాను. కాలేజీలో నా స్నేహితురాళ్లకు ఆ సంగతి ఎంతో ఏడ్చాక తెలిసింది. తరువాత ఒక ఎండాకాలం ప్రమీల మేనమామ దుబాయి నుంచి ఆమెకు అల్యూమినియం రాకెట్టు తెచ్చాడు. కట్టె రాకెట్టుతో కొడితే "టప్" మనేది. ఇది "ఠంగ్" మంది. బంతి వచ్చేది కనపడదు, పోయింది మాత్రం వెనక కంచె చెబుతుంది. మా క్లబ్బు వకీళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. "గుద్దుతాంది ర పొల్ల," అన్నారు. అప్పటినుంచి ఆమెది గుద్దుడు ఆట, నాది జర ఆట. కొడుతున్నప్పుడు ఆమె గొంతులోంచి ఒక "హుఁ" వచ్చేది. అది విని మగవాళ్లంతా వింతపడ్డారు కానీ మా అవ్వ వింతపడలేదు. రోకలి ఎత్తి వేసే ఆడవాళ్లందరి గొంతులో ఆ శబ్దం ఉండేదే. "వడ్లు దంచుతాంది పాపం, దంచనియ్యి," అంది.

మేం ఆడిన ఆటల్లో నాకు మరపురానిది మా ఊళ్లోనే జరిగింది. ఆ రోజు గెలిచినవాళ్లను శిక్షణకు తీసుకుపోవడానికి హైదరాబాద్ నుంచి తెల్లటోపీ పెద్దమనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఎత్తు కుర్చీ ఎక్కి తీర్పు చెప్పే పని కాలువల ఇంజనీరు ఒకాయనది. సాగరు పనుల మీద కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. మంచి మనిషి. అవతలి గీత దగ్గర నిలబడి బంతి బయట పడితే అరిచే పని ఖదీర్ చాచాది. దాన్ని లైన్‌మన్ అంటారని బాపు చెప్తే, "నాకు కరెంటు పని రాదు భాయి," అని చాచా మొదట ఒప్పుకోలేదు. స్తంభం ఎక్కనక్కర్లేదని నచ్చజెప్పాక వచ్చాడు. నియమం ఒక్కటే. బంతి లోపల పడితే నోరు మూసుకోవాలి, బయట పడితే "బాహర్" అనాలి.

చివరి సెట్టు. ఒక్క పాయింటు నాదైతే ఆట నాది. ప్రమీల ప్రాణమంతా పెట్టి ఒక గుద్దు గుద్ది వలకు ఉరికొచ్చింది. నేను బంతి కిందికి రాకెట్టు పోనిచ్చి పైకి లేపాను. అంత ఎత్తు పతంగి నేను అంతకుముందు లేపలేదు, తరువాతా లేపలేదు. అందరూ తలలెత్తి చూశారు. తెల్లబంతి మా మొరంలో దొర్లి దొర్లి ఎర్రబడి ఉంది, పడమటి వెలుగులో ఇంకా ఎర్రగా కనపడుతూ మెల్లగా దిగి, వెనక గీత మీద పడింది. సున్నం లేచింది. చాచాకు నియమం గుర్తుంటే బాగుండేది. కానీ ఆయనకు మంచి దెబ్బ కనపడితే, ఉర్దూలో వసంతమనీ శోభ అనీ అర్థమున్న ఆ మాట గొంతులోంచి దానంతటదే వచ్చేసేది. రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "బహార్!"

"అవుట్," అన్నాడు ఇంజనీరు.

"అవుట్ ఏంది సాబ్?" చాచా కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మీరేగదండీ బాహర్ అన్నారు!"

"బాహర్ కాదు సాబ్, బహార్! బహార్!"

"నేనూ అదే అంటున్నానండీ."

వకీళ్లు లేచారు. ఒకాయన దీర్ఘం మొదటి అక్షరానికి అన్నాడు, ఇంకొకాయన రెండో అక్షరానికి అన్నాడు. వాళ్లలో వాళ్లకే రెండు పక్షాలయ్యాయి. ఇంజనీరు చెమట తుడుచుకుని, ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. సాక్షులు పూటకో మాట చెప్పే కోర్టులో పొద్దంతా కూర్చుని వచ్చిన బాపు, ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియక బూట్ల వైపు చూసుకున్నాడు. ఒక దీర్ఘం పక్క అక్షరానికి జరిగినందుకు నా గెలుపు గీత బయటికి పోయింది. తరువాత ఎన్నో ఏళ్లు పిల్లల పరీక్షల్లో దీర్ఘాలు దిద్దాను. నా అంత కసిగా ఎవరూ దిద్ది ఉండరు. ఇక ప్రమీలను అడిగితే, ఈ గొడవంతా అనవసరం. "చాచా ఏమన్నంటే నాకేంది? బాల్ బైటనే పడ్డది. నేను చూసిన," అంటుంది ఈ రోజుకూ. వీపు తిప్పి వల దగ్గర నిలబడ్డ మనిషి ఎట్లా చూసిందో ఈ రోజుకూ చెప్పదు. మిగిలిన ఆట నేను సరిగా ఆడలేదు. ఆమె గెలిచింది.

కానీ అసలు తీర్పు ఆ తరువాత వచ్చింది. తెల్లటోపీ పెద్దమనిషి నన్ను పిలిచి, ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు. "కానీ అమ్మాయ్, ఇది పాత ఆట. ఈ కట్టె రాకెట్టు పారెయ్. అక్కడ గట్టిగా కొట్టడం నేర్పుతాం. ఈ నాజూకు వేషాలు మానేయాలి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా సంతోషించారు. నాకు మాత్రం చాచా చేతులు కనపడ్డాయి, పొయ్యి మీద వేలాడే నా రాకెట్టు కనపడింది. ఆ తెల్లటోపీ ఆయన దృష్టిలో అదంతా వేషమట. ఎక్కడినుంచి వచ్చిందో కానీ గొంతు వచ్చింది. "నాకు గట్ల ఆడొస్తలేదు సార్. రావాలని గూడ లేదు."

ఇంటికి పోయే దారిలో బాపు నాకంటే ముందు నడిచాడు. మందలిస్తాడనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "ఎవల వాంగ్మూలం వాళ్లదే బిడ్డా. నీది నువ్వు చెప్పినవ్," అన్నాడు. అంతే. ప్రమీల హైదరాబాద్ పోయింది, రాష్ట్రాలు తిరిగింది, పతకాలు తెచ్చింది. నేను ఇక్కడే ఉండి సంధులు, సమాసాలు చెప్పాను. గుద్దుడు నేర్చుకుని ఉంటే నువ్వూ అంతదానివయ్యేదానివి అని ఇప్పటికీ అంటారు. అయ్యేదాన్నేమో. అందుకని నాకు విచారం లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే మాట చెబుతాను, ఈసారి సార్ అనకుండా.

ఇప్పుడు మొరం లేదు. స్టేడియంలో కోర్టు నీలంగా మెరుస్తుంది, నీళ్లు చల్లితే వాసన రాదు, జారుతుంది. బంతులు పచ్చగా మారాయి. పిల్లలు వెనక గీత దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ అదే కోపంతో బాదుతారు. అందరి గొంతులోనూ రోకలి పోటే. ఆడపిల్లలు పొట్టి లాగులు వేసుకుని సైకిళ్ల మీద వస్తారు, యాడికని ఎవరూ అడగరు. ఆ ఒక్కటి చూసినా నాకు కడుపు నిండుతుంది. పాత రోజులే బంగారమని నేను అనను. అప్పుడు ఆడపిల్ల గుద్దితే వింత, ఇప్పుడు గుద్దకపోతే తప్పు. నాకు అప్పుడూ ఇప్పుడూ మిగిలింది మాత్రం ఒక్కటే. నా దెబ్బ ఎట్లా ఉండాలో ఎవరో పైనుంచి చెప్పడం.

అయినా ఆ సాయంత్రం ప్రమీలతో స్టేడియానికి పోతుంటే నా ధైర్యం నీరుకారింది. పంతం నాది, సీటు స్వప్నది. నా పంతానికి ఆ పిల్ల ఎందుకు చెల్లించాలి? ప్రమీల ముందు నడుస్తుంటే వెనక ఆగి, ఇడ్లీ బండి పక్కన బూటు తాడు కట్టుకుంటున్న స్వప్న దగ్గర కూర్చున్నాను.

"ఈ ఒక్కపూట గుద్దు స్వప్నా. సీటొచ్చినంక నీ ఇష్టం."

ఆ పిల్ల తల ఎత్తి వింతగా చూసింది. "గట్లెట్ల టీచర్? నేను గుద్దితే బాల్ కంచె మీద పడతది. గప్పుడు సీటూ రాదు, ఆటా రాదు."

"మేడంకు గదే గావాలె."

"మేడంకు కావాలంటే మేడం కొట్టుకోమను," అని లేచింది. లక్ష్మమ్మ బండి వెనక నుంచి, "ఏయ్, పెద్దోళ్లతోని గట్ల మాట్లాడుతవా!" అని కసిరింది కానీ, ఆ కసరులో కోపం నాకెక్కడా వినపడలేదు.

ప్రమీల తనతో మహబూబ్‌నగర్ నుంచి ఒక పిల్లను తెచ్చింది, పొడుగు పిల్ల, మంచి గుద్దు. ఇద్దరినీ ఆడమంది. స్వప్న తన ఆటే ఆడింది. కొన్ని జరలు, రెండు పతంగులు. కొన్ని వలలో పడ్డాయి, కొన్ని ఆ పొడుగు పిల్లను ముందుకు వెనక్కి తిప్పి తిప్పి ఆయాసపెట్టాయి. చివరకు పొడుగు పిల్లే గెలిచింది. నేను గోడకు ఆనుకుని, ఇంటికి పోతూ ఆ పిల్లకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు ప్రమీల లేచి, పొడుగు పిల్ల చేతిలోంచి రాకెట్టు తీసుకుంది. మోకాలి పట్టీ బిగించింది. "నువ్వేం చేస్తున్నవే?" అని అరిచాను. వినలేదు. వెనక గీత దగ్గర నిలబడి, "రా పొల్లా," అంది. ఆ వయసులో, ఆ మోకాలితో ఆమె కొట్టిన మొదటి బంతికి నాకు చిన్నప్పటి ఠంగ్ మన్న శబ్దమే వినపడింది. స్వప్న ఒక అడుగు వేసి, రాకెట్టును జర వంచి తాకింది. బంతి వల మీద నుంచి దొర్లినట్టు దిగి అవతల ఆగిపోయింది. ప్రమీల ఉరికింది. అందలేదు. నడుము మీద చేయి పెట్టుకుని ఆ బంతి వైపు చాలాసేపు చూసింది.

"ఇంకోటి కొట్టు."

స్వప్న ఇంకోటి కొట్టింది. ఈసారి కుడివైపు. ప్రమీల మళ్లీ ఉరికింది, మళ్లీ అందలేదు. "ఇంకోటి," అంది. స్వప్న మళ్లీ జర పట్టింది. ఈసారి ప్రమీల దాదాపు అందుకుంది, కొనతో తాకింది, బంతి వలలో పడింది. ఆమె వల పట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

"చూడు. ఆడ నీకు గుద్దుడు నేర్పుతరు. నేర్చుకో, పనికొస్తది. గిది మానుమని గూడ అంటరు. మాన్తవా?"

"మాన మేడం."

"నేను చెప్పినా?"

స్వప్న ఒక్కసారి నా వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగింది. "మీరు చెప్పినా మాన."

"సరే, పోయి అమ్మకు చెప్పు. బట్టలు సర్దుకొమ్మను," అంది ప్రమీల. పిల్ల ఇడ్లీ బండి వైపు పరుగెత్తింది. ప్రమీల కుంటుకుంటూ వచ్చి నా పక్కన గోడకు ఆనుకుంది. చెమట తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు గెల్చినవని అనుకోకు."

"నేనేమన్న అన్ననా?"

"నోరు అంటలేదు. మొకం అంటాంది. జర మొకం దించు."

నేను దించలేదు.